నెట్ ఫుల్ ఉంది, మరి పేజీ ఎందుకు రాలేదు?

ఈ రోజు హత్నూర నుంచి మాట్లాడుతున్నాను. మా చిన్నమ్మ వాళ్లది ఈ మండలమే. ఈ ఎపిసోడ్‌లో ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఆ తప్పు వెనకాల అరవై ఏళ్ల కథ ఉంది, తర్వాత అది చూద్దాం.

పోయినేడు మా చెల్లి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లకి ఆ రాత్రే ఆఖరు. చిన్నాయన పటాన్‌చెరు దిక్కు కంపెనీలో నైట్ డ్యూటీకి పోయిండు. ఇంట్లో నా లాప్‌టాప్, నా ఫోన్ హాట్‌స్పాట్, అంతే. పదకొండు కాలేజీలు పెట్టి సేవ్ చేసింది. పన్నెండోది నొక్కితే చక్రం తిరుగుతనే ఉంది.

"అన్నా, వస్తలేదే. ఇగ పోయినట్టేనా?"

నేను స్పీడ్ టెస్ట్ కొట్టాను. డౌన్‌లోడ్ 20 ఎంబీపీఎస్ చూపించింది. "మన నెట్ మంచిగనే ఉంది, సైటే బిజీ ఉన్నట్టుంది" అని ధీమాగా చెప్పాను. తీరా చూస్తే నా ఫోనే ఆ రోజు షూట్ చేసిన వీడియోలన్నీ వెనకాల బ్యాకప్‌కి ఎక్కిస్తా ఉంది! అది ఆపగానే పేజీ వచ్చింది. కానీ అప్పటికే గడువు అయిపోయింది. ఆ పదకొండుతోనే ఫ్రీజ్ అయింది.

మరి 20 ఎంబీపీఎస్ ఉన్నా పేజీ ఎందుకు రాలేదు? ఇది అర్థం కావాలంటే ప్యాకెట్ దగ్గర మొదలుపెట్టాలి.

పాత ల్యాండ్‌లైన్‌లో మీరు ఫోన్ చేస్తే, మాట్లాడినంతసేపు ఆ లైను మొత్తం మీదే. మీరు మౌనంగా ఉన్నా వేరేవాళ్లకి ఇవ్వరు. కంప్యూటర్లకి ఇది పెద్ద వేస్ట్. 1960ల్లో అమెరికాలో పాల్ బరన్, ఇంగ్లండ్‌లో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారే ఒకే ఆలోచనకి వచ్చారు. సమాచారాన్ని చిన్న ముక్కలు చేద్దాం, ప్రతి ముక్క మీద అడ్రస్ రాద్దాం, ఒకే తీగ మీద అందరి ముక్కలూ పంపిద్దాం. ఆ ముక్కకి ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిసే. 1969 అక్టోబర్ 29న ఆర్పానెట్ మీద మొదటి సందేశం వెళ్లింది. లాగిన్ అనే మాట పంపబోతే రెండు అక్షరాలు చేరి సిస్టమ్ కూలిపోయింది. అయినా దారి పడింది.

దారి పడ్డాక ట్రాఫిక్ కూడా వస్తుంది కదా. 1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ, పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య నెట్ కుప్పకూలింది. రెండింటి మధ్య దూరం 400 గజాలు. సెకనుకి 32 వేల బిట్లు పోయే లైన్లో 40 బిట్లు పోతున్నాయి! తీగ తెగలేదు. ప్యాకెట్ పోయిందని ప్రతి కంప్యూటరూ మళ్లీ పంపడం, దాంతో రద్దీ ఇంకా పెరగడం, ఇదే జరిగింది.

వాన్ జేకబ్సన్ దీనికి మందు కనిపెట్టి 1988లో పేపర్ రాశారు. విషయం సింపుల్. మొదట కొంచెమే పంపు. అందిందని జవాబు వస్తే రెట్టింపు చెయ్యి. ఎక్కడైనా ప్యాకెట్ పడిపోయిందా, రద్దీ ఉందని అర్థం, వెంటనే తగ్గించుకో. మధ్యలో పోలీసు ఎవరూ ఉండరు, పంపేవాడే ఆగాలి. ఇంటర్నెట్ ఇన్నేళ్లు నిలబడింది ఈ మర్యాద వల్లే.

కానీ అంత మెల్లగా మొదలుపెడితే చిన్న పేజీలకి నష్టం. ఇక్కడ ఒక పేరు చెప్పాలి, నందితా దుక్కిపాటి. దుక్కిపాటి అనే ఇంటిపేరు మన తెలుగు ఇళ్లల్లో వినేదే. ఆమె స్టాన్‌ఫర్డ్‌లో ఈ రద్దీ సమస్య మీదే పీహెచ్‌డీ చేసి గూగుల్‌కి వెళ్లారు. అప్పట్లో సర్వర్ మొదటి విడతలో మూడు ప్యాకెట్లు పంపేది. దాన్ని పదికి పెంచాలని ఆమె, తోటి ఇంజినీర్లు వాదించి, లెక్కలతో చూపించి, 2013లో ప్రయోగాత్మక పత్రంగా తెచ్చారు.

లెక్క చూడండి. పేజీ పది ప్యాకెట్లు అనుకుందాం. మూడుతో మొదలుపెడితే మొదటి విడత 3, రెండో విడత 6, మొత్తం 9. మిగిలిన ఒక్కదానికి మూడో విడత. ఒక్కో విడతకి 100 మిల్లీసెకన్లు అయితే 300 పడుతుంది. పదితో మొదలుపెడితే 100లో అయిపోతుంది. స్పీడ్ మారలేదు, తిరిగే తిరుగుడు తగ్గింది. మీరు రోజూ తెరిచే పేజీల్లో ఈ మార్పు ఉంది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. జేకబ్సన్ మందు పని చేయాలంటే రద్దీ ఉన్నప్పుడు ప్యాకెట్ పడిపోవాలి. కానీ మెమరీ చవకైంది. రౌటర్లలో, మోడెముల్లో పెద్ద పెద్ద క్యూలు పెట్టేశారు. ప్యాకెట్ పడిపోదు, లోపలే నిలబడుతుంది. పంపేవాడికి రద్దీ ఉందనే తెలియదు, ఇంకా పంపుతాడు. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ ఉండి, క్యూలో 1 ఎంబీ నిండిందనుకోండి. 1 ఎంబీ అంటే 8 మెగాబిట్లు. అంటే కొత్తగా వచ్చిన ప్యాకెట్ 4 సెకన్లు లైన్లో నిలబడాలి. పేజీ కిందికి రావాలన్నా ముందు మన రిక్వెస్ట్ పైకి పోవాలి కదా? మా చెల్లి నొక్కిన నొక్కు నా వీడియోల వెనకాల నిలబడింది. ఒక పేజీకి ఇలాంటి పోకలు చాలా ఉంటాయి, ఒక్కోదానికి 4 సెకన్లు వేసుకోండి. దీనికి జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ పెట్టిన పేరు బఫర్‌బ్లోట్. ఆయన కూడా సొంత ఇంట్లో నెట్ సతాయిస్తుంటేనే దీని వెంట పడ్డారు.

మందు ఏంటి? మన ఊరి పిండి గిర్ని గుర్తు చేసుకోండి. ఒకాయన పది బస్తాలు తెచ్చాడు, వెనకాల చిన్న పాప రెండు కిలోల జొన్నలు పట్టుకొని నిలబడింది. మంచి గిర్నాయన ఏం చేస్తాడు? ఒక బస్తా పట్టి, మధ్యలో పాపది పట్టి పంపిస్తాడు. ఎఫ్‌క్యూ-కోడెల్ చేసేది ఇదే. ఒక్కో కనెక్షన్ ప్యాకెట్లకి వేరే వరస, వంతులవారీగా పంపడం. పైగా కాథ్లీన్ నికోల్స్, జేకబ్సన్ 2012లో ఇచ్చిన కోడెల్ సూత్రం ఒకటుంది. క్యూ ఎంత పొడవుందని కాదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూడు. 100 మిల్లీసెకన్ల పాటు నిరీక్షణ 5 మిల్లీసెకన్లకి తగ్గకపోతే, ఒకటి వదిలెయ్. పంపేవాడికి కబురు అందుతుంది, తగ్గుతాడు. ఇక 2016లో గూగుల్ వాళ్ల బీబీఆర్ వచ్చింది. అది ప్యాకెట్ పడిపోయేదాకా ఆగదు, దారి వెడల్పునీ తిరుగు సమయాన్నీ కొలిచి దానికి తగ్గట్టు పంపుతుంది.

మీరు చేయగలిగేది చెప్తాను. ఫాస్ట్ డాట్ కామ్‌లో మరిన్ని వివరాలు నొక్కితే లేటెన్సీ రెండు అంకెలు కనిపిస్తాయి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, లోడ్‌లో ఉన్నప్పుడు ఒకటి. రెండోది వందల్లోకి ఎగబాకితే జబ్బు ఇదే. రౌటర్‌లో ఎస్‌క్యూఎం సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, మీ అసలు స్పీడ్‌కి కొంచెం తక్కువ పెట్టండి. ఫోన్‌లో మొబైల్ డేటా మీద బ్యాకప్ ఆఫ్ చేయండి. హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, మీ ఫోనూ అవతలివాళ్ల లాప్‌టాపూ ఒకే క్యూలో ఉంటాయి.

మా చెల్లికి ఆ పదకొండులోనే సీటొచ్చింది, చదువుకుంటోంది. పన్నెండోది ఏ కాలేజీనో మాత్రం నాకు ఇప్పటికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా పరీక్షో, ఇంటర్వ్యూనో, ఆఖరి తేదీయో ఉంటే, ముందు మీ ఫోన్ ఏం ఎక్కిస్తుందో చూడండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.