లేతు దగ్గర దీపం సరిగా లేకపోతే వేలికే ముప్పు!

తిరిగే కర్ర ఆగినట్టు కనిపించడం కళ్ళ భ్రమ కాదు, దీపం చేసే మోసం
తక్కువ ఖర్చులో మంచి వెలుగు ఏర్పాటు చేసుకోవచ్చు

ఏటికొప్పాక (అనకాపల్లి జిల్లా): వరాహనది ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా లక్కబొమ్మలు గుర్తుకొస్తాయి. అంకుడు కర్రను లేతు మీద తిప్పి, ఉలితో చెక్కి, లక్క పట్టించి చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్రకృతి సిద్ధమైన రంగులతో ఈ కళకు కొత్త ఊపిరి పోసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర పరేడులో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి కూడా ఈ బొమ్మలే.

ఇంత పేరున్న పని ఏ వెలుగులో జరుగుతున్నదన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. చాలాచోట్ల పని జరిగేది ఇంటి వసారాలోనో, ఒకే కిటికీ ఉన్న గదిలోనో. నెత్తి మీద దూలానికి ఒక ట్యూబులైటు ఉంటుంది. అది గదికి దీపమే గాని పనికి దీపం కాదు. ఉలి మొన ఎక్కడ కర్రను తాకుతున్నదో అక్కడే పనివాని చేతినీడ పడుతుంది.

నలభై ఏళ్ళుగా లేతు పని చేస్తున్న ఒక పెద్దాయన తన ఎడమచేతి చూపుడువేలు చూపించారు. గోరు రెండుగా చీలి, వంకరగా పెరిగింది. ‘‘కర్ర ఆగిపోయిందనుకున్నాను బాబూ. పట్టుకోబోయాను. అది తిరుగుతూనే ఉంది’’ అన్నారాయన. పేరు మాత్రం రాయవద్దని కోరారు. ఇంట్లో వాళ్ళు ఆయన చూపు తగ్గిందనుకున్నారు. చూపు కొంత తగ్గిన మాట నిజమే. కాని ఆ రోజు ఆయనను మోసం చేసింది కళ్ళు కాదు, నెత్తి మీది దీపం.

సెకనుకు నూరుసార్లు మినుకు

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ మారుతుంది. అందువల్ల పాతరకం చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు నూరుసార్లు వెలిగి తగ్గుతుంది. ఇంత వేగంగా జరిగే మినుకును కన్ను పట్టలేదు. లైటు నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది.

లేతు మీద తిరిగే వస్తువు విషయంలో కథ వేరు. లేతు నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అంటే సెకనుకు 25 చుట్లు. కర్ర ఒక్క చుట్టు తిరిగేలోగా దీపం నాలుగుసార్లు మెరుస్తుంది. ఆ కర్ర నాలుగు పలకలుగా ఉన్నా, దాన్ని పట్టిన చక్‌కు నాలుగు బోల్టులు ఉన్నా, మెరిసిన ప్రతిసారీ ఒక పలక స్థానంలోకి మరొకటి వచ్చి ఉంటుంది. కంటికి కర్ర కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది.

మనవాళ్ళు వాడే మోటార్లలో చాలావాటి మీద 1,440 చుట్లు అని రాసి ఉంటుంది. పుల్లీలు రెండూ సమానమైతే కర్ర కూడా అంతే వేగంతో తిరుగుతుంది. అప్పుడు నాలుగు పలకల కర్ర సెకనుకు ఒక్క చుట్టు చొప్పున వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. స్విచ్చి ఆపేశాక కర్ర మెల్లగా ఆగేటప్పుడు కూడా కంటికి ఇలాగే తోస్తుంది. మోటారు చప్పుడు వినిపిస్తుంది కదా అనవచ్చు. పక్కన మరో నాలుగు లేతులు నడుస్తుంటే ఏ చప్పుడు ఎవరిదో తెలియదు.

ఎల్‌ఇడి బల్బు వేస్తే ఈ బెడద పోతుందని కొందరు చెబుతుంటారు. ఇది సగమే నిజం. లోపల మంచి డ్రైవరు సర్క్యూటు ఉన్న ఎల్‌ఇడి నిలకడగా వెలుగుతుంది. సంతలో దొరికే నాసిరకం బల్బుల్లో ఖర్చు తగ్గించడానికి ఆ సర్క్యూటులోనే కోత పెడతారు. అవి ట్యూబులైటు కంటే ఎక్కువ మినుకుతాయి. కాబట్టి ఎల్‌ఇడి అన్న పేరు చూసి కొనడం కాదు, పరీక్షించి కొనాలి.

కొట్లోనే చేసే పరీక్ష

ఈ పరీక్షకు చదువూ అక్కర్లేదు, పనిముట్టూ అక్కర్లేదు. షాపువాణ్ణి బల్బు వెలిగించమనండి. ఒక పెన్సిలు పట్టుకుని ఆ వెలుగులో వేగంగా అటూ ఇటూ ఆడించండి. పెన్సిలు పొగలా చెదిరి ఒకే మసకగా కనిపిస్తే బల్బు మంచిది. నాలుగైదు పెన్సిళ్ళు విడివిడిగా, విసనకర్ర పుల్లల్లా కనిపిస్తే ఆ బల్బు మినుకుతున్నట్టే. దాన్ని వసారాలో వేసుకోవచ్చు గాని లేతు దగ్గర వేయరాదు. షాపులో వేరే లైట్లు వెలుగుతుంటే వాటిని ఒక్క నిమిషం ఆపించి చూడాలి.

సెల్‌ఫోనుతోనూ చూడవచ్చు. కెమేరా తెరిచి బల్బుకు దగ్గరగా పెడితే, మినుకే బల్బయితే తెర మీద నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. పట్టీలు ఎంత నల్లగా ఉంటే మినుకు అంత ఎక్కువ.

పాత ఫిలమెంటు బల్బుకు ఈ దోషం తక్కువ. తీగ చల్లారేలోపే మళ్ళీ కరెంటు అందుతుంది కనుక వెలుగు పెద్దగా తగ్గదు. కాని అది విపరీతంగా వేడెక్కుతుంది. కర్ర పొట్టు, లక్క పుల్లలు ఉన్నచోట ఆ వేడి మంచిది కాదు. కరెంటు ఖర్చు కూడా ఎక్కువే.

గది మొత్తానికి ఉన్న పాత ట్యూబులైటు తీయక్కర్లేదు. ఎలక్ట్రానిక్ చోకు వేస్తే మినుకు దాదాపు పోతుంది. అంతవరకు లేతు దగ్గర నిలకడైన దీపం ఒకటి వేసుకున్నా, తిరిగే కర్ర ఆగినట్టు కనిపించే మోసం బాగా తగ్గుతుంది.

పెద్ద బల్బు కాదు, దగ్గరి బల్బు

వెలుగు చాలకపోతే ఎక్కువ వాట్ల బల్బు కొనడం మనవాళ్ళకు అలవాటు. అంతకంటే తేలికైన ఉపాయం ఉంది. ఆరడుగుల ఎత్తున దూలానికి ఉన్న బల్బును పనికి రెండడుగుల దూరానికి దింపితే, అదే బల్బు పని మీద దాదాపు తొమ్మిది రెట్లు వెలుగు ఇస్తుంది. దూరం మూడో వంతయితే వెలుగు మూడు మూళ్ళు తొమ్మిది. దీనికి పైసా అదనపు కరెంటు అక్కర్లేదు.

గోరు పోగొట్టుకున్న పెద్దాయన లేతు దగ్గర ఈ విలేఖరి సమక్షంలోనే ఆయన మనవడు ఈ పని చేసి చూశాడు. పెన్సిలు పరీక్షలో నెగ్గిన 9 వాట్ల బల్బు ఒకటి, హోల్డరు, రెండు గజాల వైరు కొన్నారు. లేతుకు తగిలించే చేయి మాత్రం కొనలేదు. కర్ర పనివాళ్ళ ఇంట్లో కర్ర చేయికి కొదవేమిటి? రెండు ముక్కలు చెక్కి, మధ్యలో రెక్క నట్టుతో బిగించారు. కావలసినట్టు వంచవచ్చు. పాత నూనె డబ్బా రేకును గరాటులా చుట్టి, లోపల తెల్లరంగు వేసి గొడుగు చేశారు. మొత్తం మీద మూడువందల రూపాయలు దాటలేదు. గొడుగు వెనుక గాలి ఆడే సందు వదలాలి. ఎల్‌ఇడి బల్బును మూసేస్తే లోపలి వేడికి తొందరగా పాడవుతుంది.

ఇంత పని ఎందుకు అనుకునేవారికి, టైలర్లు మిషనుకు తగిలించుకునే అయస్కాంతం దీపాలు బజారులో దొరుకుతున్నాయి. మెడ ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఇనుప లేతుకు అతుక్కుంటాయి. వీటిలోనూ మినుకేవి ఉంటాయి గనుక పెన్సిలు పరీక్ష తప్పదు.

ఎటు నుంచి వెలుగు రావాలి?

చెక్కేటప్పుడు దీపం ఉలి పట్టిన చేతికి అవతలి వైపు నుంచి, కాస్త ముందుగా, పై నుంచి రావాలి. అప్పుడు చేతినీడ పని మీద పడదు. బల్బు నేరుగా కంటికి కనిపించకూడదు. కనిపిస్తే కన్ను చెదిరి ఉలి మొన మసకబారుతుంది. గొడుగు అందుకే.

నునుపు చూసేటప్పుడు మాత్రం దీపాన్ని కిందికి దించి, కర్ర వెంట పక్కనుంచి పడేలా పెట్టాలి. ఏటవాలుగా పడే వెలుగులో సన్నని గీత కూడా నీడ వేస్తుంది. పైనుంచి పడే వెలుగులో కనిపించని ఉలి గాట్లన్నీ అప్పుడు బయటపడతాయి. గరుకు కాగితం పట్టేముందే ఇలా చూసుకోవడం మేలు. లక్క పట్టించాక గాటు కనిపిస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

లక్క పూత సమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి మరో కిటుకు ఉంది. లేతు ఆపి, పొడవాటి ట్యూబు లేదా కిటికీ చట్రం నీడ పూత మీద ఎలా పడుతుందో చూడాలి. ఆ గీత తిన్నగా ఉంటే పూత సమంగా ఉన్నట్టు. వంకర్లు పోతే అక్కడ లక్క ఎక్కువో తక్కువో అయిందన్నమాట.

రంగు చూడడానికి ఏ వెలుగు?

పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో చేసే రంగులు ఏటికొప్పాక బొమ్మకు ప్రాణం. పచ్చటి బల్బు కింద లేత పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు. నీలం నల్లగా కనిపిస్తుంది. రాత్రి ఒకే రంగు అనుకున్న రెండు బొమ్మలు తెల్లవారేసరికి వేరువేరుగా తేలి, జతలు విడదీసుకోవలసి వచ్చిన సందర్భాలున్నాయి.

బల్బు పెట్టె మీద 2,700 లేక 3,000 అని ఉంటే పచ్చటి వెలుగు, 6,500 అని ఉంటే తెల్లటి వెలుగు. పనికి 4,000 నుంచి 6,500 వరకు ఏదైనా సరిపోతుంది. అదే పెట్టె మీద సి.ఆర్‌.ఐ. అనే అంకె కూడా చూడాలి. వస్తువుల రంగును దీపం ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. 100 అంటే పూర్తి మార్కులు. 80కి తక్కువైతే వద్దు. 90 దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఎంత మంచి బల్బయినా రంగుల జత మాత్రం పగటిపూట గుమ్మం దగ్గర ఒకసారి సరిచూసుకోవడమే ఉత్తమం.

నెలకు కరెంటు ఎంత?

రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు పాతిక రోజుల పనికి 60 వాట్ల ఫిలమెంటు బల్బు 12 యూనిట్లు కాలుస్తుంది. పాత చోకుతో 40 వాట్ల ట్యూబులైటుకు సుమారు 10 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఇడికి రెండు యూనిట్లు కూడా కావు. వెలుగు మాత్రం 60 వాట్ల బల్బుకు తీసిపోదు.

మరువరాని జాగ్రత్తలు

దీపం వైరు లేతు మీదుగా వేలాడరాదు. తిరిగే కర్రకు చుట్టుకుంటే దీపమూ వైరూ కలిసి మనిషి మీదికే వస్తాయి. వైరును చేయి వెంట కట్టి, లేతు వెనుకగా గోడకు తీసుకుపోవాలి. జాయింటు ఉంటే పని వెలుపల ఉండాలి. ఇనుప లేతుకు ఎర్తు తప్పనిసరి. షాకు కొట్టగానే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు ఇంటికి ఉంటే మరీ మంచిది. బల్బు మీద పేరుకున్న కర్ర పొడిని వారానికి ఒకసారి, స్విచ్చి ఆపి, పొడిగుడ్డతో తుడవాలి.

ఎంత మంచి దీపం ఉన్నా ఆగిందనుకున్న కర్రను వెంటనే చేత్తో తాకరాదు. ముందు స్విచ్చి చూడాలి. తర్వాత బెల్టు చూడాలి. ఆ తర్వాతే చెయ్యి.

పెద్దవాళ్ళ కళ్ళ కోసం

ఇరవై ఏళ్ళవాని కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ళవాని కంటికి సుమారు మూడో వంతే చేరుతుంది. ఊళ్ళో చెయ్యి తిరిగిన పనివాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళే. చూపు తగ్గింది, ఇక మానేద్దాం అనుకునేముందు కళ్ళ డాక్టరుకు చూపించుకుని, లేతు దగ్గర దీపం కూడా మార్చి చూడాలి.

2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో సంప్రదాయ బొమ్మల పనివారికీ చోటు ఇచ్చారు. పనిముట్ల కోసం రు.15,000 వరకు సాయం అందులో ఉంది. శిక్షణ ఇచ్చేటప్పుడు ఉలి గురించి చెప్పినట్టే దీపం గురించి కూడా ఒక అరగంట చెబితే ఎందరి వేళ్ళో దక్కుతాయి. సంబంధిత అధికారులు ఈ విషయం ఆలోచించాలి.

కొత్త దీపం కింద ఆ పెద్దాయన ఒక కుంకుమభరిణ తిప్పారు. మూత బిగించి, దీపాన్ని పక్కకు వంచి, భరిణను వెలుగులో తిప్పి చూసుకున్నారు. అంచు దగ్గర వెంట్రుకవాసి గీత ఒకటి కనిపించింది. ‘‘ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని పోయాయో’’ అంటూ మళ్ళీ లేతు మీద పెట్టారు.