చవక టికెట్ ఎందుకు చవక?

ఖతర్‌లో దోహాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది రాస్ లఫాన్. సహజవాయువును ద్రవంగా మార్చి ఓడల్లో ప్రపంచానికి పంపే రేవు అది. అక్కడి తెలుగువాళ్లు సెలవు దొరకగానే వెతికేది హైదరాబాద్‌కు చవక టికెట్. అయితే ఒకే విమానంలో పక్కపక్క సీట్లకు వేర్వేరు ధరలెందుకు? విమానం గాల్లోకి లేచాక ఖాళీ సీటును ఎవరికీ అమ్మలేరు. అందుకే తొలి సీట్లను తక్కువకు ఇచ్చి, రోజు దగ్గరపడేకొద్దీ సాధారణంగా ధర పెంచుతారు. ఆఖర్లో కొనేవాళ్లకు ప్రయాణం తప్పదు మరి. సెలవు ఆలస్యంగా మంజూరైన కార్మికుడి మీద పడే ఈ భారం నా దృష్టిలో అన్యాయమే.

అసలు పొదుపు జరిగేది నేల మీద. ఆగి ఉన్న విమానం రూపాయి సంపాదించదు, త్వరగా మళ్లీ ఎగరాలి. చెక్-ఇన్ సాధారణంగా సుమారు గంట ముందే ముగిసేదీ అందుకే: ఎక్కేవాళ్లెందరు, సామాను బరువెంత అని తేలితేనే బరువు సర్దుబాటు లెక్క పూర్తవుతుంది.

"సామానుకు విడిగా డబ్బులా? ఇది దోపిడీ" అంటారు కొందరు. బరువు పెరిగితే ఇంధనమూ పెరుగుతుంది. చేతిసంచితో వెళ్లేవాడు పక్కవాడి దుప్పట్లు, పాలపొడి డబ్బాల ఖర్చు ఎందుకు మోయాలి? కానీ రెండేళ్లకోసారి ఇంటికెళ్లేవాడికి ఆ పెట్టె తప్పదు. కాబట్టి అతను పోల్చాల్సింది సామాను రుసుము కలిపిన మొత్తాన్ని. ఆ రుసుము కౌంటర్ దగ్గరకంటే ముందే ఆన్‌లైన్‌లో కడితే సాధారణంగా తగ్గుతుంది. డబ్బు కడతానన్నా ఒక్కో పెట్టె 32 కిలోలు దాటనివ్వరు, ఎత్తేది మనుషులే కదా.