తేదీ ఒకటే, అర్థాలు రెండు: దరఖాస్తు నుండి డేటాబేస్ వరకు

బిడ్డ పుట్టిన తేదీ 04/05/2012 అని దరఖాస్తులో వ్రాస్తాము. మన దేశంలో చదివినవారెవరైనా దానిని మే నెల 4వ తేదీగానే గ్రహిస్తారు. అమెరికా పద్ధతిలో అదే అంకెల వరుస ఏప్రిల్ 5 అవుతుంది. సందేహం కలిగితే మనిషి ఎదుటివారిని అడిగి తెలుసుకుంటాడు. కంప్యూటరు అడగదు. తనకు ముందుగా నిర్ణయించి ఉంచిన పద్ధతి ప్రకారం అర్థం చేసుకొని, ఆ అర్థాన్నే భద్రపరుస్తుంది.

బడిలో చేర్పు, పింఛను, పాస్‌పోర్టు వంటి వాటికన్నిటికీ పుట్టిన తేదీయే మూలం. 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన జనన మరణ నమోదు సవరణ చట్టం ప్రకారం, ఆ నాడు గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు విద్యాసంస్థలలో ప్రవేశం మొదలైన పనులకు జనన ధ్రువపత్రమే తేదీకి ఆధారం. సరిహద్దు గ్రామాల కుటుంబాలలో కాన్పు ఒక రాష్ట్రంలో, చదువు మరొక రాష్ట్రంలో జరగడం సాధారణం. రెండు రాష్ట్రాల పత్రాలలో తేదీలు వేరుగా ఉంటే తిరగవలసిన కార్యాలయాలు కూడ రెండు రాష్ట్రాలలో ఉంటాయి. కావున తెర మీద నింపిన తేదీ లోపలికి ఎట్లా చేరుతుందో, దారిలో ఎక్కడ మారిపోతుందో తెలుసుకొనుట అందరికీ మేలు. బెంగుళూరు, చెన్నై, పుణె వంటి నగరాలలో ప్రోగ్రాములు వ్రాసే మన యువకులకు ఇది మరింత అవసరం.

స్టోర్డ్ ప్రొసీజర్ అనగానేమి?

మనం చూసే వెబ్ పేజీ, దాని వెనుక పనిచేసే అప్లికేషన్, వివరాలు దాచే డేటాబేస్ అనునవి మూడు వేర్వేరు అంచెలు. డేటాబేస్ లోపలనే ముందుగా వ్రాసి, ఒక పేరు పెట్టి ఉంచిన ఆజ్ఞల సముదాయాన్ని స్టోర్డ్ ప్రొసీజర్ అంటారు. ‘పేరు, పుట్టిన తేదీ, గ్రామం ఇస్తే ఈ విధంగా నమోదు చేయవలెను’ అనే స్థిరమైన ఏర్పాటు అది. అప్లికేషన్ దానిని పేరుతో పిలిచి వివరాలను అందిస్తుంది. ఆ వివరాలకు పారామీటర్లు అని పేరు. ప్రతి పారామీటరుకు ఒక రకం ఉంటుంది: అక్షరాలు, సంఖ్య, తేదీ. తేదీని తేదీగా కాక అక్షరాల వరుసగా పంపుటయే ఈ చిక్కుకు మూలం.

మౌనంగా జరిగే తప్పు

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో భాష అమరిక అమెరికా ఇంగ్లీషు అయినప్పుడు, అక్షరాలుగా వచ్చిన 13/05/2012ను డేటాబేస్ తిరస్కరిస్తుంది, ఎందుకనగా పదమూడవ నెల లేదు. కాని 04/05/2012 వస్తే ఏమీ అనక ఏప్రిల్ 5గా నమోదు చేస్తుంది. సంవత్సరంలోని పన్నెండు నెలలలో మొదటి పన్నెండేసి రోజులు కలిపితే 144. వాటిలో 1/1, 2/2 వంటి 12 తేదీలు తారుమారైనా మారవు. మిగిలిన 132 తేదీలు చప్పుడు లేకుండా మారిపోగలవు. అది సంవత్సరంలో మూడవ వంతు కంటె ఎక్కువ. ప్రోగ్రామరు తన యంత్రంలో బ్రిటిష్ అమరికతో పరీక్షించి సరిగా ఉన్నదని తృప్తిపడవచ్చును. అసలు సర్వర్ అమరిక వేరైతే ఆ పరీక్ష నిష్ప్రయోజనం.

సంవత్సరాన్ని ముందు వ్రాసి 2012-05-04 అని పంపితే చాలునని పలువురు భావిస్తారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత ‘డేట్‌టైమ్’ రకం, బ్రిటిష్ అమరికలో దీనిని కూడ ఏప్రిల్ 5గానే చదువుతుంది. 2008 వెర్షన్‌తో వచ్చిన ‘డేట్’ రకానికి ఈ లోపం లేదు. అడ్డగీతలు లేకుండ 20120504 అని ఎనిమిది అంకెలుగా వ్రాస్తే రెండు రకాలూ, ఏ అమరికలోనైనా సరిగానే చదువుతాయి. ఒరాకిల్‌లో అయితే ఆ సెషన్‌కు నిర్ణయించిన తేదీ రూపాన్ని బట్టి అర్థం మారుతుంది. మైఎస్‌క్యూఎల్ సంవత్సరం, నెల, రోజు అనే వరుసను కోరుతుంది.

సరియైన మార్గం

మొదటిది, పేజీలో రోజు, నెల, సంవత్సరం వేర్వేరు గడులలో తీసుకొని నెలను పేరుతో చూపవలెను. లేదా బ్రౌజర్‌లోని తేదీ గడిని వాడవలెను. అది తెర మీద ఏ రూపంలో చూపినా, లోపలికి సంవత్సరం, నెల, రోజు వరుసలోనే పంపుతుంది.

రెండవది, అప్లికేషన్ ఆ అక్షరాలను ఒకే ఒక్కసారి, వరుస ఏదో స్పష్టంగా చెప్పి, నిజమైన తేదీ విలువగా మార్చవలెను. ఊహకు వదలరాదు. ఫిబ్రవరి 30 వంటి అసంభవమైన తేదీ ఇక్కడనే పట్టుబడుతుంది.

మూడవది, ప్రొసీజర్‌లో ఆ పారామీటరును తేదీ రకంగానే ప్రకటించి, అప్లికేషన్ కూడ ఆ రకంతోనే అందించవలెను. తేదీ విలువకు గీతలు లేవు, ముందు వెనుకల పేచీ లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని డేట్ రకం దానిని మూడు బైట్లలో రోజుల లెక్కగా దాచుకుంటుంది. ఆజ్ఞ వాక్యంలో తేదీని అక్షరాలుగా అతికించు పద్ధతి వలన మరొక ముప్పు కూడ కలదు. తేదీ గడిలో దుండగులు తమ ఆజ్ఞలను జొప్పించి డేటాబేస్‌ను పాడుచేయగలరు. పారామీటరుగా పంపిన విలువ ఆజ్ఞగా మారదు.

మరి నాలుగు జాగ్రత్తలు

సంవత్సరాన్ని రెండు అంకెలలో వ్రాయరాదు. సాధారణ అమరికలో ఎస్‌క్యూఎల్ సర్వర్ 50ని 1950గాను, 49ని 2049గాను గ్రహిస్తుంది. 1948లో పుట్టిన వృద్ధుడు 48 అని వ్రాస్తే ఇంకా పుట్టనివాడవుతాడు. అతని పింఛను అర్హత గతి ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలియని తేదీని ఖాళీ అక్షరాలుగా పంపరాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ దానిని 1900 జనవరి 1గా మారుస్తుంది. ‘విలువ లేదు’ అని తెలిపే నల్‌నే పంపవలెను. డాట్‌నెట్‌లో నింపని తేదీ 0001 జనవరి 1గా ఉంటుంది. పాత డేట్‌టైమ్ రకం 1753కు ముందు తేదీలను స్వీకరించదు గనుక అక్కడ పని ఆగిపోతుంది.

పుట్టిన తేదీకి గంటలు జోడించరాదు. మన దేశ కాలం ప్రపంచ ప్రామాణిక కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. బ్రౌజర్‌లో మే 4 అర్ధరాత్రి 12 గంటలను ప్రామాణిక కాలంగా మార్చితే అది మే 3 సాయంత్రం 6.30 అవుతుంది. అందులో తేదీని మాత్రమే తీసుకొంటే బిడ్డ ఒక రోజు ముందే పుట్టినట్లు నమోదగును.

నెల లెక్కలు తీసేటప్పుడు ‘మార్చి 1 నుండి మార్చి 31 వరకు’ అని అడిగితే, గంటలతో కూడిన నమోదులలో 31వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాతవి లెక్కలోకి రావు. ‘మార్చి 1 మొదలుకొని, ఏప్రిల్ 1కి ముందు వరకు’ అని అడుగుటయే క్షేమం.

కుటుంబాలు చేయదగినది

దరఖాస్తు కాగితం మీద నెలను అక్షరాలలో, సంవత్సరాన్ని నాలుగు అంకెలలో వ్రాయండి: ‘4 మే 2012’. మరాఠీ పత్రాలు చూసి నింపేటప్పుడు అంకెలను నిదానంగా చదవండి. దేవనాగరి ఒకటి అంకె అలవాటు లేనివారి కంటికి 9 వలె కనిపిస్తుంది. వివరాలు పంపే ముందు తెర మీద చూపే తేదీని ఆపరేటరు చేత నెల పేరుతో చదివించుకొనండి. 12వ తేదీ లోపు పుట్టినవారు రసీదును రెండుమార్లు సరిచూసుకొనవలెను.

1969 నాటి జనన మరణ నమోదు చట్టంలోని 15వ సెక్షను ప్రకారం తప్పు నమోదును సరిదిద్దే అధికారం రిజిస్ట్రారుకు కలదు. జననం నమోదైన చోటి రిజిస్ట్రారునే అందుకు ఆశ్రయించవలెను. ఒక తప్పు పత్రాన్ని ఆధారం చేసుకొని బడి రికార్డు, దాని మీద మరొక గుర్తింపు పత్రం ఏర్పడిన కొద్దీ దిద్దుబాటు కష్టమవుతుంది. అందుచేత మొదటి పత్రం చేతికి వచ్చిన నాడే తేదీ సరిచూసుకొనుట ఉత్తమం.