తాళపత్రసూచికలలో కాలక్రమము : డేటాబేసున క్రమనిర్దేశము

తాళపత్రగ్రంథముల పుష్పికలలో లేఖకులు తఱచుగా సంవత్సర మాస పక్ష తిథులను పేర్కొందురు. ఈ వివరములను నేడు కంప్యూటరులోని రిలేషనల్ డేటాబేసున, అనగా పరస్పరసంబద్ధములైన పట్టికలలో, పొందుపఱచుచున్నారు. ఒక కావ్యమునకు గల ప్రతులను సంవత్సరనామమును బట్టి అమర్పుమని కోరినచో అక్షయనామ సంవత్సరపు ప్రతి మొదట నిలుచును. ప్రభవప్రతి నడుమ నెచ్చటనో కానవచ్చును. అఱువదింటిలో కడపటిది ఆదియైనది. ఇది యంత్రదోషము కాదు. పదములను అమర్పుమన్నపుడు యంత్ర మెఱిగినది అక్షరక్రమమే. దానిని కాలక్రమమని భ్రమించి ఒక ప్రతిని మఱియొకదానికి మాతృకగా నిర్ణయించినచో పాఠపరిష్కరణమే తలక్రిందులగును.

1970లో ఈ పద్ధతిని ప్రతిపాదించిన ఇ. ఎఫ్. కాడ్ మతమున పట్టిక వరుసల సమితి. సమితిలో ముందువెనుకలు లేవు. కావున ప్రశ్నలో 'ఆర్డర్ బై' అను అంగము లేనిచో ఫలిత మే క్రమమున వచ్చునో నియమము లేదు. నిన్న వచ్చిన వరుసయే నేడును వచ్చునను నమ్మకము నిరాధారము.

మాసముల విషయమును పరిశీలింపుడు. అక్షరక్రమమున ఆశ్వయుజము ప్రథమము, చైత్రము చతుర్థము, వైశాఖము ఏకాదశము. పక్షములలో బహుళము శుద్ధమునకు ముందు వచ్చును. అధికమాసము మాత్రము నిజమాసమునకు ముందే నిలుచును. ఇది కేవలము కాకతాళీయము. ప్రయోజనమును బట్టి క్రమమును మార్చుట శాస్త్రజ్ఞులకు క్రొత్త కాదు. మాహేశ్వరసూత్రములు 14లో వర్ణములు వర్ణమాల వరుసలో లేవు. హకారము రెండుమార్లు వచ్చినది. ప్రత్యాహారసిద్ధియే అందులకు హేతువు.

యంత్రమునకు ఇష్టక్రమమును తెలుపుటకు రెండు మార్గములు ముఖ్యములు. పక్షములవలె విలువలు స్వల్పమైనచో ఆర్డర్ బై అంగములోనే 'కేస్' అను వాక్యమును చేర్చి, శుద్ధమైన 1, బహుళమైన 2 అని నిర్దేశింపవచ్చును. సంవత్సరములు 60 గనుక వానికి వేఱొక పట్టిక యుక్తము. అందు ప్రతి నామమునకును ఎదురుగా దాని సంఖ్య నుంచి, ఆ పట్టికను ప్రతుల పట్టికతో జోడించి, సంఖ్యను బట్టి అమర్పవలెను. పుష్యము, పౌషము వంటి నామాంతరములకు ఒకే సంఖ్య నిచ్చు సౌకర్యము ఇందు కలదు. కాని సాధారణమైన జోడింపులో, లేఖకుని వర్తనివలన గాని నమోదు చేసినవారి పొరపాటువలన గాని పేరు సరిపోలని ప్రతి జాబితానుండియే జాఱిపోవును. వరుస తప్పిన ప్రతి ఎప్పుడైన కంటబడును, మాయమైన ప్రతిని వెదకువారుండరు. 'లెఫ్ట్ జాయిన్' అను జోడింపు అట్టివానిని నిలుపును.

అయినను సంవత్సరసంఖ్య ఒక్కటి చాలదు, నామము 60 ఏండ్లకొకసారి తిరిగి వచ్చును గదా. శకవర్షమే ప్రథమసూచిక కావలెను. పిదప మాసము, అధికనిజభేదము, పక్షము, తిథిసంఖ్య. దాక్షిణాత్యగణనమున గతశకవర్షమునకు 12 కలిపి 60చే భాగింపగా మిగిలినది సంవత్సరసంఖ్య; శేషము సున్నయైన అక్షయ. 1909 శకమునకు శేష మొకటి, అది ప్రభవ. పుష్పికలో రెండును ఉన్నచో ఈ లెక్కతో ఒకదానిచే మఱియొకదానిని సరిచూచుకొనవచ్చును. ఔత్తరాహుల ప్రతులలో మాసము పూర్ణిమాంతమగుటచే కృష్ణపక్షము ముందు వచ్చును, వర్షాదియో చైత్రశుక్లమే. కావున అచ్చటి చైత్రకృష్ణము సంవత్సరాంతమున చేరును. ఆ ప్రతులకు వేఱు సంఖ్యలు అవసరము.

శకవర్షము లేక నామమాత్రముగల పుష్పికలు అనేకము. అట్టివానికి ఊహించిన శకము నిచ్చి నడుమ చొప్పించుట తగదు. గడిని ఖాళీగా నుంచుటయే మేలు. ఖాళీగడులను ఆరోహణక్రమమున పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ చివరను, మైఎస్‌క్యూఎల్ మొదటను చూపును. అందుచే, శకము తెలిసినవానికి 0, తెలియనివానికి 1 అని అన్నిటికంటె ముందొక సూచికను చేర్చినచో ఏ యంత్రమునందైనను అవి చివర వేఱుగా నిలుచును.