కన్సోల్ కొనే ముందు టీవీ వెనకాల చూడండి

ఈద్‌కి చాచా రియాద్ నుంచి వస్తున్నారంటే పిల్లల లిస్టు నెల ముందే తయారవుతుంది. ఇప్పుడు ఆ లిస్టులో గేమ్ కన్సోల్ కూడా చేరింది. "పీఎస్ 5 తెమ్మని చెప్పండి అబ్బా, 4కె బొమ్మ వస్తుంది" అంటాడు పెద్దోడు. జగ్గయ్యపేటలో కానీ నందిగామలో కానీ హాల్లో గోడకి ఉన్నది 32 ఇంచుల టీవీ అయితే మాత్రం దాని మీద 4కె రాదు. యాభై వేల పెట్టె తెచ్చి పెట్టినా రాదు.

ఎందుకు రాదో పొలం మోటారుని తలచుకుంటే తెలిసిపోతుంది. మోటారు ఎన్ని హెచ్‌పీ అయితేనేం, చివర్లో అర అంగుళం పైపు బిగిస్తే వచ్చేది అర అంగుళం ధారే. గేము, కన్సోల్, కేబుల్, టీవీ వెనకాల ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం, టీవీ తెర, ఈ ఐదింట్లో ఏది చిన్నదైతే బొమ్మ అంతే.

తెర మీద బొమ్మ అంటే చుక్కల వరసలు. 720పీ అంటే 1280 చుక్కల వెడల్పు, 720 వరసలు, మొత్తం తొమ్మిది లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్‌డీ అనే 1080పీలో దాదాపు 20 లక్షల 73 వేలు. 4కెలో దానికి నాలుగు రెట్లు, 83 లక్షల దాకా. "హెచ్‌డీ రెడీ" అని రాసి అమ్మే 32 ఇంచుల టీవీల్లో సాధారణంగా ఉండేది 1366 బై 768, అంటే పది లక్షల చుక్కలే. కన్సోల్ 1080పీ పంపిస్తే ఇలాంటి టీవీ తీసుకుంటుంది, కానీ సగం చుక్కలు కలిపేసి తనకు సరిపడా కుదించుకుంటుంది. గేములో చిన్న అక్షరాలు మసకగా కనబడేది అందుకే. కన్సోల్‌లో లోపం ఏమీ లేదు.

ఇందులో మంచి వార్త కూడా ఉంది. మామూలు చూపున్న మనిషికి 32 ఇంచుల హెచ్‌డీ రెడీ తెరలో విడివిడి చుక్కలు సుమారు ఆరడుగుల అవతల నుంచి కనబడవు. మంచం మీద కూర్చుని ఎనిమిది అడుగుల దూరం నుంచి ఆడే పిల్లలకి అంతకన్నా ఎక్కువ చుక్కలు ఇచ్చినా కంటికి అందవు. 55 ఇంచుల ఫుల్ హెచ్‌డీ తెరకైతే ఆ దూరం ఏడడుగులు. అంటే 4కెకి అర్థం రావాలంటే పెద్ద తెర ఉండాలి, దానికి దగ్గరగా కూర్చోవాలి. రెండూ లేని ఇంట్లో 4కె పేరు చెప్పి వేలు పోయడం ఇస్రాఫే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2005లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ 360లకి హెచ్‌డీఎంఐ రంధ్రమే లేదు, 2007 నుంచి పెట్టారు. లేనిదాంట్లో హెచ్‌డీ బొమ్మ రావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నుల కాంపొనెంట్ కేబుల్ కావాలి, టీవీకి కూడా ఆ మూడు రంధ్రాలూ ఉండాలి. పీఎస్ 3కి మొదటి నుంచీ హెచ్‌డీఎంఐ ఉంది. కాకపోతే పెట్టెలో ఇచ్చింది పాత పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు. దాన్నే తగిలించి, కొన్నది హెచ్‌డీ మిషను కాబట్టి చూస్తున్నదీ హెచ్‌డీయే అనుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఆ పసుపు పిన్నులో హెచ్‌డీ పోదు. నింటెండో వీ అయితే 480పీ దాటదు.

పీఎస్ 4 దీనికి తిరగేసిన కథ. దానికి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. ఇంట్లో ఇంకా డబ్బా టీవీయే ఉంటే నేరుగా తగలదు. మధ్యలో కన్వర్టర్ పెడితే బొమ్మ వస్తుంది కానీ అక్షరాలు చదవలేరు. ఆ కన్వర్టర్ డబ్బు మిగుల్చుకుని టీవీ మీద పెట్టండి.

ఇక కొత్తవాటిలో పోటీ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ మన దేశంలో 2020 నవంబర్ 10న వచ్చాయి, మొదటి ధరలు రూ.49,990, రూ.34,990. పీఎస్ 5 మనకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్కు ఉన్నది రూ.49,990, లేనిది రూ.39,990. పీఎస్ 5, సిరీస్ ఎక్స్ రెండూ హెచ్‌డీఎంఐ 2.1తో 4కె బొమ్మని సెకనుకి 120 సార్ల దాకా పంపగలవు. సిరీస్ ఎస్ ముఖ్యంగా 1440పీ కోసం చేసింది, 4కె టీవీకి పెడితే బొమ్మని సాగదీసి పంపుతుంది. దానికి డిస్కు పెట్టే చోటు లేదు. పాత గేము అమ్మి కొత్తది కొందామంటే కుదరదు, ప్రతి గేమూ నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. ఇంటి నెట్ నీరసంగా ఉంటే ఇది 4కె కన్నా పెద్ద సమస్య.

నింటెండో స్విచ్ టీవీకి పెడితే 1080పీ, చేతిలో ఆడితే 720పీ. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 టీవీ మీద 4కె దాకా ఇస్తుంది.

హాస్టల్లో మానిటర్ మీద ఆడే ఇంజనీరింగ్ పిల్లలకి ఒక మాట. 1440పీ మానిటర్లకి ఎక్స్‌బాక్స్ మొదటి నుంచీ సరిపోయింది. పీఎస్ 5కి ఆ సదుపాయం 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. అప్‌డేట్ చేయని మిషన్‌లో ఆ ఆప్షన్ కనబడదు.

నా లెక్క ఇదీ. 32 ఇంచుల టీవీనే ఉంచుకునేవాళ్లకి మంచి కండిషన్‌లో ఉన్న పీఎస్ 4 చాలు, కొత్తది కావాలంటే సిరీస్ ఎస్. ఇంట్లో 50 ఇంచుల పైన 4కె టీవీ ఉంటేనే పీఎస్ 5, సిరీస్ ఎక్స్ గురించి ఆలోచించండి. 2024 నవంబర్‌లో పీఎస్ 5 ప్రో వచ్చినప్పుడు ఇండియాలో విడుదల కాలేదు, అందుకే గల్ఫ్ నుంచి తెప్పించుకోవాలని పిల్లలకి మోజు. చిన్న టీవీ ఉన్న ఇంటికి అది అస్సలు వద్దు.

4కె టీవీ ఉండి కూడా బొమ్మ బాగా లేకపోతే ముందు రంధ్రం మార్చి చూడండి. టీవీకి మూడు హెచ్‌డీఎంఐలు ఉంటే మూడూ ఒకటి కావు. పక్కన 4కె 60 అనో 120 అనో రాసి ఉన్నదానికి పెట్టండి. తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో ఆ రంధ్రానికి పూర్తి సిగ్నల్ ఆన్ చేయాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, ఎల్‌జీలో డీప్ కలర్ అని ఉంటుంది. గేమ్ మోడ్ కూడా ఆన్ చేస్తే బటన్ నొక్కడానికీ బ్యాట్ ఊపడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది, క్రికెట్ ఆడేవాళ్లకి ఇది చుక్కల లెక్క కన్నా ముఖ్యం. స్కోరు అంచున తెగిపోతుంటే పిక్చర్ సైజ్‌ని ఫిట్ టు స్క్రీన్‌కి మార్చండి. కేబుల్ మాత్రం పెట్టెలో వచ్చినదే వాడండి. బంగారు పూత అని వేల రూపాయలు చెప్పేదాంతో బొమ్మ ఏమీ మారదు.

గల్ఫ్ నుంచి తెస్తే ఇక్కడ పని చేస్తుందా అని పెద్దవాళ్లు అడుగుతారు. వీసీఆర్ రోజుల్లో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని గొడవ ఉండేది కదా, ఆ భయమే ఇంకా పోలేదు. హెచ్‌డీఎంఐలో ఆ గొడవ లేదు. పీఎస్ 5 గేము డిస్కులకి దేశం తాళం కూడా లేదు. బ్లూరే సినిమాలకి ఉంది, గల్ఫ్‌ది రీజియన్ బీ, మనది రీజియన్ సీ. గేముకి అదనపు భాగాలు కొనేటప్పుడు మాత్రం డిస్కు ఏ దేశానిదో అకౌంటూ ఆ దేశానిదే కావాలి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా అని చాచా బిల్లు కట్టే ముందే షాపులో అడగాలి. ప్లగ్గు అక్కడి లావు మూడు పిన్నులదైతే అడాప్టర్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. 8 అంకె ఆకారంలో ఉండే, మనం టేప్‌రికార్డర్‌కి పెట్టుకున్న రెండు పిన్నుల వైరే దీనికీ సరిపోతుంది.