వైద్యుని బోర్డు మీది సంఖ్యను గమనించారా?

వైద్యుడు చెప్పిన పథ్యమును తూచా తప్పక పాటించే గృహస్థులు కూడా ఆయన బోర్డు మీది రిజిస్ట్రేషను సంఖ్యను చదవరు. అది అలంకారము కాదు. చికిత్సకు బాధ్యుడెవరో తెలిపే ఆనవాలు.

ఇది మనకు కొత్త పద్ధతి కాదు. శాస్త్రాధ్యయనము, కర్మాభ్యాసము ముగించి, రాజానుజ్ఞ పొందిన పిదపనే వైద్యుడు వృత్తిలో ప్రవేశించవలెనని సుశ్రుతుడు సూత్రస్థానము 10వ అధ్యాయములో విధించాడు. వైద్యవేషధారుల విషయమున చరకుడు హెచ్చరించాడు. ఆనాటి రాజానుజ్ఞకు నేటి రూపమే రిజిస్ట్రేషను. ఆంధ్రప్రదేశ్‌లో ఆయుర్వేద, హోమియో వైద్యుల నమోదుకు 1956లోనే చట్టము వచ్చింది. 1970 నాటి కేంద్ర చట్టము స్థానములో 2020 చట్టము రాగా, 2021 జూన్ నుండి జాతీయ భారతీయ వైద్య విధాన కమిషన్ పనిచేస్తున్నది.

నేను గురుకులములో చదివినవాడను. అయినను వంశపారంపర్యము ఒక్కటే చాలునని చెప్పను. గుర్తింపు పొందిన అర్హత లేనివారు సంప్రదాయము పేరిట వైద్యము చేయరాదని 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టము చేసింది.

రాజాం ప్రాంతపు రైతు ఒకరు కీళ్లనొప్పులకు సంతలో కొన్న పొడిని నెలల తరబడి వాడి, కాళ్లవాపుతో నా వద్దకు వచ్చారు. పొట్లము మీద పేరు లేదు, సంఖ్య లేదు. ఆయన తిన్నదేమిటో అడుగుదామంటే అమ్మినవాని జాడ లేదు. సంఖ్య లేని మందుతో వచ్చే చిక్కు ఇదే.

ఈ సంఖ్యలను వేరుచేసి చూడండి:

1. వైద్యుని సంఖ్య: రాష్ట్ర రిజిస్టరులో నమోదైనది. పేరు, పట్టము, ఈ సంఖ్య మూడూ సరిపోలవలెను. ఆర్.ఎం.పి. అంటే నమోదైన వైద్యుడని అర్థము. ఆ అక్షరాలు వ్రాసుకొన్నంత మాత్రాన నమోదు అయినట్లు కాదు.

2. సంఘము సంఖ్య: సొసైటీల చట్టము కింద సంఘమునకు ఇచ్చే సంఖ్య వైద్యము చేయుటకు అనుమతి కాదు.

3. ఔషధ లైసెన్సు: ఆయుర్వేద ఔషధపు లేబులుపై తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ ఉండవలెను.

4. ఆహార లైసెన్సు: ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల సంఖ్య మాత్రమే ఉన్నచో అది ఆహారము, ఔషధము కాదు.

5. ఆభా సంఖ్య: ఇదియు 14 అంకెలదే. కాని ఇది రోగిది, వైద్యునిది కాదు.

సంఖ్య ఉన్నంత మాత్రాన హస్తవాసి ఉన్నదని చెప్పలేము. కాని పొరపాటు జరిగినప్పుడు ఎవరిని అడగవలెనో తెలుస్తుంది. కనుక చీటీని, సీసా లేబులును మందు పూర్తి అయ్యేవరకు భద్రపరచండి. సంఖ్య అడిగితే మంచి వైద్యుడు కోపగించడు.