బి షిఫ్టు నాన్న

మా నాన్న విశాఖ స్టీల్‌ప్లాంటులో 'గోదావరి' దగ్గర పనిచేశారు. గోదావరంటే నది కాదు, 1990లో వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేసు. ఆ కొలిమి ఆరకూడదు, అందుకే షిఫ్టులు. నేను పుట్టిన రోజు ఆయన బి షిఫ్టులో ఉన్నారు. డ్యూటీ దిగాకే నా మొహం చూశారు. 'మగాడన్నాక డ్యూటీ ముందు' అనేవారు. ఉక్కునగరంలో చాలామంది నాన్నలు అంతే.

పోయినేడాది మాకు పాప పుట్టింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది, దొరికిన సెలవు ఐదు రోజులు. 2017 చట్ట సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి 26 వారాల సెలవు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి ఇన్ని రోజులివ్వాలనే కేంద్ర చట్టమే లేదు.

ఆరో రోజు నేను లాప్‌టాప్ ముందున్నాను. పాప ఏడ్చింది. మా ఆవిడ అప్పుడే కన్నుమూసింది. నాన్నే లేచి, డైపర్ పట్టుకుని నా దగ్గరకొచ్చారు. 'ఇదెలా వేస్తార్రా?' చూపించాను. 'నీకు ఒక్కసారైనా గుడ్డ మార్చలేదురా నేను' అన్నారు, పాప మీంచి చూపు తిప్పకుండా.

అప్పటి భారమంతా అమ్మే మోసింది. కానీ నాన్న పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. పిల్లను చూసుకోవడం మా ఆవిడకి నేను చేసే సాయం కాదు, నా వాటా. తండ్రులకూ 15 రోజులివ్వమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాం, ఏడుగురు మగాళ్లం. జవాబింకా రాలేదు.